యాద్‌బాబా వాగు

హెబ్రోనును దారి అడిగితే చూపించడు. మైపాడు బీచికి పోయే కార్లవాళ్ళు ఒక్కోసారి పొరపాటున చర్చి వెనక సందులోకి తిరుగుతారు. అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని చూసి అద్దం దించి, "పెద్దాయనా, బీచికి ఎట్లా పోవాల?" అంటారు. ఇంకొకరయితే కూర్చున్న చోటు నుంచే చెయ్యెత్తి అదిగో అటు అనేస్తారు. ఈయన లేస్తాడు, చెప్పులు వెతికి తొడుక్కుంటాడు, కారు ముందు నడవడం మొదలుపెడతాడు. తారురోడ్డు మలుపు దాకా వెళ్ళి అక్కడ నిలబడతాడు. కారువాళ్ళు ఆయన వెనకాలే నత్తలా పాకుతూ రావాలి. "వేలు చూపిస్తే పొయ్యేదానికి ఊరేగింపు పెట్టినాడబ్బా" అని నవ్వుకుంటూ పోతారు.

ఊళ్ళోవాళ్ళు నవ్వరు, వాళ్ళకది పాతబడిపోయింది. సర్వే డిపార్టుమెంటులో ఖలాసీగా ముప్పై తొమ్మిదేళ్ళు చేసి వచ్చిన మనిషి కదా, ఎక్కడ అంటే అక్కడికి పోయి నిలబడి చూపించడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బు అనుకుంటారు. జబ్బు అన్న మాట నిజమే. ఎక్కడ అంటుకుందో మాత్రం వాళ్ళకి తెలియదు.

ఆయన్ని ఊళ్ళో గొలుసు హెబ్రోను అంటారు. ఇందుకూరుపేట మండలంలో వరి మళ్ళు ఒక్కొక్కటే రొయ్యల గుంటలు అయినప్పటి నుంచి గట్ల తగాదాలు ఎక్కువయినాయి. టేపులున్నాయి, ఫోన్లలో కొలిచే యాప్‌లున్నాయి, అయినా రెండు గుంటలవాళ్ళు చొక్కాలు పట్టుకుంటే చివరికి ఈయన్నే పిలుస్తారు. గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తాడు. ఆయన అంగ సరిగ్గా రెండున్నర అడుగులు, డెబ్బై రెండేళ్ళు వచ్చినా అంగుళం తగ్గలేదు. పోయినేడు నరేంద్రబాబు అనే గుంటల ఆసామి పంతం కొద్దీ టేపు తెప్పించి వెనకాలే కొలిపించాడు. నూట పదహారు అంగల గట్టులో జానెడు తేడా వచ్చింది. ఆ జానెడు కూడా టేపు పట్టుకున్నవాడు వంగలేక వదిలేసింది అని తేలింది. అప్పటి నుంచి నరేంద్రబాబు ఆయన్ని గారు అంటున్నాడు.

ఎక్కడికి నడిచినా లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. భార్య పోయినప్పుడు పాడె ముందు నడుస్తూ కూడా లెక్కపెట్టాడు. ఇంటి నుంచి సమాధుల తోటకి తొమ్మిది వందల నలభై అంగలు. మట్టి వేసి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటే, బంధువులొకరు "ఒక్క కన్నీటిబొట్టు పెట్టలేదే, రాతి గుండెబ్బా" అన్నారు. విన్నాడు. కోపం రాలేదు. భార్య మంచిదని తెలుసు, లేదని తెలుసు, ఆ రెండిటికీ మధ్య ఉండవలసింది ఏదో తన దగ్గర లేదని కూడా తెలుసు. అది ఎప్పుడు పోయిందో ఆయనకి తేదీతో సహా గుర్తుంది. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి, ఫిబ్రవరి పదకొండు.

ఆ తేదీ గురించి నలభై నాలుగేళ్ళుగా ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. మొన్న ఆగస్టులో ఒక సోమవారం పొద్దున ఫోను మోగింది.

అవతల మనిషి హిందీలో మాట్లాడాడు. చైనా సరిహద్దు కొండల్లో ఒక చిన్న ఊళ్ళో బడి పంతులునని చెప్పుకున్నాడు. గొంతు కుర్రదే, మర్యాద ఉంది. హైదరాబాదు సర్వే ఆఫీసులో పింఛను కాగితాలు తిరగేయించి నంబరు పట్టుకున్నాడట. "ఎనభై, ఎనభై ఒకటిలో మా లోయ మ్యాపు గీసిన పార్టీలో ఇప్పుడు బతికున్నది మీరొక్కరేనని చెప్పారు. నిజమేనా?" అని అడిగాడు.

"ఒక్కణ్ణేనని నాకు తెలియదు. ఆ పార్టీలో ఉన్న మాట నిజం" అన్నాడు హెబ్రోను. ఖలాసీగా నేర్చుకున్న హిందీ ఇంకా నాలుక మీదే ఉంది.

"అయితే ఒక్క మాట చెప్పండి. మా ఊరి పైన పెద్దేట్లో కలిసే వాగుకి మీ మ్యాపులో యాద్‌బాబా నాలా అని ఉంది. మా భాషలో అలాంటి మాట లేదు. మా తాతలెవరూ ఆ బాబాను ఎరగరు. అసలు ఎవరా బాబా?"

లైను పోయిందనుకుని పంతులు హలో హలో అన్నాడు. ఉన్నానని చెప్పాడు హెబ్రోను.

పంతులు తన బాధంతా వెళ్ళబోసుకున్నాడు. అక్కడికి ఇప్పుడు రోడ్డు వస్తోందట, వాగు మీద వంతెన పడుతోందట. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పనివాళ్ళు మ్యాపులో పేరు చూసి, ఇక్కడ ఎవరో బాబా తపస్సు చేసి ఉంటాడని నిశ్చయించేశారు. పోను పోను ఒకడికి కలలో కూడా వచ్చాడట. వాగు ఒడ్డున నీళ్ళలో ఒక నల్లరాయి ఉంటే దానికి ఎర్రగుడ్డలు కట్టి, ఆ రాయి మీద కాలు మోపి దాటినవాణ్ణి నీళ్ళు ఏమీ చేయవని నమ్మకం పెట్టుకున్నారు. "పోయిన నెల ఒకడు జారాడు. తాడుండబట్టి దక్కాడు. దక్కించింది బాబానే అంటున్నారు. వచ్చే శుక్రవారం వంతెన పేరు మీద కలెక్టరాఫీసులో మీటింగు ఉంది. యాద్‌బాబా వంతెన అని బోర్డు పడిందంటే మా వాగు పేరు ఇక పోయినట్టే. ఆ పార్టీలో మనిషి చెప్తే వింటామన్నారు. ఫోటో పంపుతాను, చూడండి."

"మీరు ఆ వాగుని ఏమంటారు?" అని అడిగాడు హెబ్రోను.

పంతులు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. రెండోసారి అన్నా హెబ్రోను నాలుకకి అది తిరగలేదు.

"అంటే?"

"చిన్న నీళ్ళు అని. పెద్దేరు పెద్ద నీళ్ళు, ఇది చిన్న నీళ్ళు. అంతే."

రేపు పదకొండింటికి మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. కాసేపటికి ఫోటో వచ్చింది. హెబ్రోను దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. గుడ్డలు కొత్తవి, రాయి పాతదే. మీద బల్లపరుపుగా, నీళ్ళకి జానెడు పైన. ఏదన్నా వస్తుందేమోనని కొంచెంసేపు ఎదురుచూశాడు, కనీసం గుండె దడ అయినా. ఏమీ రాలేదు. ఫోను అరుగు మీద పెట్టి లోపలికి పోయి, మూకుట్లో ఉన్న అన్నం పెట్టుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుంటే ఒక్క సంగతి తట్టింది. ఆ రాయి మీదకి జనం ఇంకా ఎక్కుతున్నారు.

మ్యాపు అంటే చాలామందికి బడిగోడ మీద వేలాడే రంగుల కాగితం. దాని మీద గీత గీసేది సాహెబు, ఆ గీత మీద ముందు నడిచేది ఖలాసీ. సాహెబు ఒక చోట మూడుకాళ్ళ బల్ల వేసుకుని, దాని మీద తెల్లకాగితం పరుచుకుని కూర్చుంటాడు. ఖలాసీ ఎరుపు తెలుపు చారల జెండాకర్ర పట్టుకుని వాగులు దాటి, కొండలెక్కి, సాహెబుకి కనిపించే చోట నిటారుగా నిలబడతాడు. సాహెబు ఆ కర్రకేసి చూసి కాగితం మీద చుక్క పెడతాడు. అలాంటి చుక్కలు కలిపితే కొండ అవుతుంది, ఏరు అవుతుంది. కాగితం చివర పేరు మాత్రం సాహెబుదే ఉంటుంది, లోకం తీరే అంత.

హెబ్రోను ఆ పనిలో చేరిన అయిదేళ్ళకి, చెల్లెలు రెబెక్కమ్మ మొగుడు జడ్సన్‌ని కూడా అందులోకి లాగాడు. జడ్సన్‌కి పనిమీద ఆశకంటే బావ మీద ప్రేమ ఎక్కువ. పొడుగ్గా ఉండేవాడు, తన వస్తువు తాను దాచుకోవడం ఏనాడూ రాదు. తువ్వాలు యాడ బావా, సబ్బు యాడ బావా, బీడీకట్ట యాడ బావా అని పొద్దస్తమానం బావ ప్రాణం తీసేవాడు. ఆ బీడీకట్ట వాడి చెవి మీదే ఉండేది.

ఎనభై నవంబరులో ఆ కొండలకి పంపారు. రైలు, లారీ, ఆ తరువాత పదకొండు రోజుల నడక. సాహెబు దగ్గర ఇంగ్లీషు దొరల నాటి పాత షీటు ఉండేది. దొర ఒకాయన డెబ్బై ఏళ్ళ కిందట ఆ లోయలోకి కొంతదూరం వచ్చి, తిండి చాలకో జబ్బు చేసో వెనక్కి తిరిగాడు. ఆయన ఆగిన చోట ఏటి నీలంగీత ఆగిపోయి, ఆ పైన అన్నీ చుక్కలు. అంటే ఏరు ఇట్లా రావచ్చు, ఎవరూ చూడలేదు అని అర్థం. జడ్సన్ ఆ షీటు చూసి, "ముగ్గుకి చుక్కలు పెట్టి, ముగ్గెయ్యకుండానే లేచిపోయినట్టుండాడే బావా దొర" అన్నాడు. సాహెబు ఏమిటని అడిగి, హిందీలో చెప్పించుకుని చాలాసేపు నవ్వాడు. ఆ చలికాలమంతా వాళ్ళ పని ఆ చుక్కలు కలపడమే.

ఫిబ్రవరి పదకొండు పొద్దున ఒక వాగు దగ్గర ఆగారు. నలభై అడుగుల వెడల్పు ఉంటుందేమో, హోరు మాత్రం సముద్రమంత ఉంది. సాహెబు, హెబ్రోను ఈ గట్టున బల్ల వేశారు. కొండమనిషి ఒకడు వాళ్ళకి దారి చూపేవాడు. అతనూ జడ్సనూ ఎగువన చెట్టు పడిన చోట దాటి ఆ గట్టుకి చేరారు. సాహెబు కాగితం మీద వాగు గీత గీసి, దాని పేరు రాసుకోవాలి కాబట్టి, కొండమనిషి వైపు చూసి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, దీని పేరేమిటని హిందీలో కేక వేశాడు. సరిగ్గా అదే సమయానికి ఆ గట్టున జెండాకర్ర పట్టుకున్న జడ్సన్, తాను ఎక్కడ నిలబడాలో తెలియక, ఈ గట్టుకేసి కేక వేశాడు.

"యాడ బావా?"

హోరులో ఆ మాట సాహెబు చెవిలో యాద్‌బాబా అని పడింది. "అచ్ఛా, యాద్‌బాబా" అని తల ఊపి, పెన్సిలు తీసుకుని అందంగా రాసేశాడు. హెబ్రోనుకు నవ్వొచ్చింది. సార్ అది పేరు కాదు, మా వాడు నన్నడిగిన ప్రశ్న అని చెబుదామని నోరు తెరిచాడు. కానీ ముందు జడ్సన్‌కి జవాబు చెప్పాలి, వాడు కర్ర పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ గట్టు అంచున నీళ్ళలో నల్లటి రాయి ఒకటి బల్లలాగా ఉంది. అక్కడ నిలబడితే సాహెబుకి బాగా కనిపిస్తాడు. కేక వేసినా వినపడదని, హెబ్రోను కుడిచెయ్యి చాచి చూపుడువేలితో ఆ రాయి చూపించాడు. కొండమనిషి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. సాహెబు ప్రశ్నకి తెలియదని చెప్తున్నాడులే అనుకున్నాడు హెబ్రోను.

రాయి మీద తెల్లారగట్ల పేరుకున్న మంచు పొర ఉందని ఈ గట్టుకి తెలియలేదు. జడ్సన్ కాలు మోపాడు. సముద్రంలో ఈదినోణ్ణి, ఈ కాలవలు నన్నేం చేస్తాయని అంతకు ముందురోజే అన్నాడు. రాయి మీద ఉన్నవాడు ఉన్నట్టే లేకుండా పోయాడు, అరుపు కూడా రాలేదు.

అప్పుడు హెబ్రోను చేసిన పని ఇంకొకటి ఉంది. మైపాడు ఒడ్డున పుట్టినవాడు తప్ప అలాంటి పని ఎవడూ చేయడు. అక్కడి సముద్రం ఎవరినన్నా తీసుకుంటే మూడోనాటికి తెచ్చి ఆ ఒడ్డునే పెడుతుంది. అది చేపలుపట్టే పట్టపువాళ్ళ మాట, చిన్నప్పటి నుంచి కళ్ళారా చూసిన సంగతి. పైగా మూడో దినం అన్న మాట మీద చర్చికి పోయేవాడికి ఇంకో రకం నమ్మకం కూడా ఉంటుంది. "మూడు రోజులు ఆగుదాం సార్, నీళ్ళే తెచ్చిస్తాయి" అన్నాడు సాహెబుతో. సముద్రం మనిషి, నీళ్ళ సంగతి వీడికి తెలుసులే అనుకున్నాడు సాహెబు. కొండమనిషి మాత్రం దిగువకి దిగువకి చెయ్యి చూపిస్తూ ఏదో అంటూనే ఉన్నాడు. అతని భాష ఎవరికీ రాదు. మూడు రోజులు ఆ ఒడ్డునే కూర్చున్నారు. కొండల్లో ఏరు ఇచ్చేది కాదు, తీసుకుపోయేది. నాలుగోనాడు దిగువకి నడిస్తే రెండు మైళ్ళ అవతల జెండాకర్ర రాళ్ళ మధ్య ఇరుక్కుని దొరికింది.

షీటు పూర్తి కావాలి కాబట్టి, ఆ కర్రే పట్టుకుని అయిదోనాడు హెబ్రోను ఆ గట్టున నిలబడ్డాడు. రాయికి పక్కన, మట్టి మీద. సాహెబు చూశాడు, చుక్క పెట్టాడు. లెక్క సరిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు హెబ్రోను అంగలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇక ఆ లెక్క ఆగలేదు. మనసులో ఇంకో మాట రాకుండా ఉండటానికి అంకెలంత మంచివి లేవు.

పేరు తప్పని సాహెబుకి చెప్పనే లేదు. చెప్పాలంటే అది ప్రశ్న అని చెప్పాలి, ప్రశ్న అంటే జవాబేమిటంటారు. రిపోర్టులో వాగు దాటుతూ కాలుజారి అని రాశారు. ఇంటికొచ్చి, అయిదో నెల కడుపుతో ఉన్న చెల్లెలికి కూడా అదే చెప్పాడు, కాలు జారినాడమ్మా అని. మరుసటేడు ఆఫీసులో ప్రూఫు షీట్లు కత్తిరించి పారేస్తుంటే, ఆ వాగు ఉన్న వేలెడు ముక్క జేబులో వేసుకుని తెచ్చి రెబెక్కమ్మ చేతిలో పెట్టాడు. సమాధి లేని మనిషికి అదైనా ఉంటుందని. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకి రావు. "ఏమని రాసుందన్నా?" అని అడిగింది. "యాద్‌బాబా నాలా అని. ఆడ ఎవురో సాధువంట" అన్నాడు. ఆమె ఆ ముక్కని కొంచెంసేపు చూసి, జడ్సన్ ఫోటో ఫ్రేములో అద్దం వెనక మూలకి పెట్టింది. నోట్లో నువ్వుగింజ నానదని కొందరిని అంటారు. హెబ్రోను నోట్లో ఆ రాయి నలభై నాలుగేళ్ళు నానింది.

మంగళవారం పదిన్నరకి చెల్లెలి ఇంటికి బయల్దేరాడు. రెండు వందల పన్నెండు అంగలు. నడుస్తూ ఒకటే ఆలోచించాడు. నిజం చెప్తే ఆ పేరు పోతుంది. జడ్సన్ ఈ భూమి మీద బతికాడనడానికి రెబెక్కమ్మకి మిగిలింది ఆ వేలెడు ముక్క. అది కూడా తన నోటితోనే తుడిచేయాలి, ఎందుకో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆ రాయి మీద ఇంకొకడు కాలు పెడతాడు. రెండు వైపులా తూచి చూసినా ఆయనకి లోపల నొప్పి ఏమీ తెలియలేదు. కాళ్ళు మాత్రం లెక్క తప్పాయి. రెండు వందల ముప్పై ఒకటి అయ్యాయి. అలా ఎప్పుడూ కాలేదు.

రెబెక్కమ్మ వసారాలో పీట మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. కూతురు డెబోరా ముత్తుకూరులో ఉద్యోగం, ఆదివారాలు వస్తుంది. మిగతా రోజులు ఈమె ఒక్కతే. అన్నని చూసి ఇంకో పీట కాలితో ముందుకి నెట్టింది.

"ఏందన్నా ఈ పొద్దున? మొగం అట్లుండాదే?"

"ఎట్లుండాది?"

"ఎప్పుడూ ఉండేటట్టే ఉండాది. అయినా అడిగినా."

ఆయన కూర్చుని, ఫోను తీసి ఫోటో చూపించాడు. పంతులు ఫోను చేయడం, వంతెన, బోర్డు, రాతికి గుడ్డలు, బాబా మహిమ, జారినవాడు అన్నీ వరసగా చెప్పాడు. తగాదా గట్టు కొలత చెప్పినట్టే చెప్పాడు. రెబెక్కమ్మ ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎర్రగుడ్డలు కట్టినారా" అంది. తరువాత చిన్నగా నవ్వింది. "వారం వారం చర్చిలో వెనక బెంచీలో కునుకు తీసిన మనిషి. ఆయనకి గుడ్డలు."

"ఆయనకి కాదమ్మా. బాబా అని ఎవురో..."

"ఏ బాబా అన్నా?" ఫోను ఆయన చేతికిచ్చేసింది. "నాకు ఇంగ్లీషు రాదు. చెవులు రాకుండా పోలా. నువ్వు ఆ ముక్క తెచ్చిన దినం, యాద్‌బాబా అని చదివినావు చూడు, అప్పుడే తెలిసింది. నిన్ను బావా అనేది ఈ లోకంలో ఒక్కడే. సైకిలు తాళం యాడ బావా, కండవ యాడ బావా. ఇంట్లో నా చెవులు చిల్లులు పడేటట్టు విన్న మాట, కాయితం మీద రాస్తే పోలికపట్టనా?"

హెబ్రోను ఆమె వైపు చూశాడు. "మరి అడగలేదే."

"నువ్వే చెప్తావని కూర్చుంటి. ఈ ఏడు చెప్తాడు, వచ్చే ఏడు చెప్తాడు. వదిన పొయ్యినప్పుడైనా చెప్తాడనుకుంటి." చింతపండు గిన్నె పక్కకి జరిపింది. "ఇప్పుడు అడగతా ఉండా. యాడ బావా అన్నాడు గదా ఆ మనిషి. నువ్వేం చెప్పినావన్నా?"

ఆయన కుడిచెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. మెల్లగా చాచి, చూపుడువేలు ముందుకి పెట్టాడు. ఎదురుగా ఉన్నది గడప, గడప అవతల నీళ్ళ తొట్టి, అంతే. కానీ ఆ వేలు చూపిస్తున్నది ఎక్కడికో రెబెక్కమ్మకి తెలిసింది. ఈ అన్న వేలు చాచి చూపించగా ఆమె చూసి నలభై నాలుగేళ్ళు అయింది. దారి అడిగితే నడిచిపోయి నిలబడే మనిషి.

"ఈ రాయేనా?" అంది ఫోను వైపు చూస్తూ.

"ఇదే. నేనే చూపించినా. మంచు పట్టుండాదని నాకు తెలవదు."

ఈగ ఒకటి చింతపండు మీద వాలుతూ లేస్తూ ఉంది, ఆమె తోలలేదు. ఆమెకి కోపం వచ్చింది.

"రాయిది తప్పు కాదు, నీళ్ళది తప్పు కాదు. నువ్వు యేలు పెట్టి చూపించింది కూడా తప్పనను, పనిలో చూపిస్తారు. చెప్పకపొయ్యినావు చూడు, అది మాత్రం నీ తప్పే. ఆ మనిషి ఆఖరుకి ఏం మాట్లాడినాడో అది నాది. నువ్వు దాచుకున్నావు. నా బిడ్డకి కూడా దక్కనియ్యలేదు."

"అవును" అన్నాడు హెబ్రోను. చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆమె దాన్ని పట్టుకుని, ఎండిన బట్ట మడిచినట్టు వేలు లోపలికి మడిచి, ఆయన మోకాలి మీద పెట్టింది.

పదకొండింటికి ఫోను మోగింది. హెబ్రోను స్పీకరు నొక్కాడు. పంతులు మర్యాదగా కుశలం అడిగి, గుర్తొచ్చిందా అన్నాడు. హెబ్రోను హిందీలో మొదలుపెట్టాడు. రెబెక్కమ్మకి ఆ భాష రాదు, మధ్య మధ్యలో జడ్సన్ అన్న పేరు, బావా అన్న మాట మాత్రం చెవిన పడుతున్నాయి.

"బాబా కాదు పంతులుగారూ, బావ. మా భాషలో భార్య అన్నని అట్లా పిలుస్తారు. యాడ అంటే ఎక్కడ అని. మా చెల్లెలి భర్త ఎక్కడ నిలబడాలని నన్ను అడిగాడు. అదే మ్యాపులోకి ఎక్కింది. ఆ బావను నేనే. నేను ఏ తపస్సూ చేయలేదు. ఆ రాయిని చూపించాను, అతను కాలు పెట్టి చచ్చిపోయాడు. ఇది రాసుకోండి, నా పేరుతో రాసుకోండి. ముందు ఆ రాయి మీద ఎవరినీ కాలు పెట్టనివ్వకండి. గుడ్డలు ఊడదీసెయ్యండి."

అవతల నుంచి పంతులు ఏదో అడిగాడు. హెబ్రోను చేత్తో మైకు మూసి చెల్లెలి వైపు తిరిగాడు.

"ఏమంటా ఉండాడు?" అంది.

"ఆ పేరు తీసేసి వాళ్ళ పేరు రాస్తారంట. చిన్న నీళ్ళు అని. ఇంటివాళ్ళకి ఏమన్నా బాధ ఉంటే, పక్కన చిన్న రాయి వేసి మనవాడి పేరు కూడా పెడతామంటా ఉండాడు. నీకు మిగిలింది ఆ పేరొక్కటే గదమ్మా. నువ్వు ఎట్లంటే అట్లా."

రెబెక్కమ్మ లేచి లోపలికి పోయింది. గోడ మీద ఫోటో దించి, వెనక మేకులు వంచి, అద్దం వెనక నుంచి ఆ వేలెడు ముక్క తీసుకొచ్చింది. పసుపురంగు తిరిగిపోయింది, నీలంగీత మాత్రం అట్లానే ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒకసారి చూసి అన్న చేతిలో పెట్టింది.

"రాయీ వద్దు, ఏమీ వద్దు. తీసెయ్యమనన్నా" అంది. "నలభై నాలుగేళ్ళు ఆ నీళ్ళకాడ నిలబడి యాడ బావా, యాడ బావా అని అడగతానే ఉండాడు. ఇంకెన్నాళ్ళు అడగతాడు పాపం, ఇంటికి రానీ."